ఎంగిలాకుల పరీక్ష

"ఏందమ్మా, గిట్ల ఎంగిలాకులు లెక్కవెడుతున్నవ్? ఏమన్న పోగొట్టుకున్నవా?"

ద్రాక్షతోటలో పనిచేసే కొండమ్మ అడిగింది. వినీల ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, కట్టెపుల్లతో విస్తరాకులు జరుపుతోంది.

"పరీక్ష రాస్తున్న అక్కా."

"బీకామ్ పరీక్షనా?"

"గది ఎప్పుడో అయిపోయింది. ఇది దాని మీది చదువు."

కొండమ్మ బుగ్గ నొక్కుకుంది. తన కూతుర్ని బడి మాన్పించినందుకు ఇన్నాళ్ళూ పడిన బాధ ఆమెకు ఆ పూటతో తీరిపోయింది.

అది తొంభై ఆరో సంవత్సరం. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద, ఎరువుల దుకాణం పై గదిలో, దశరథం గారు సినిమా అకౌంటెంట్లను తయారుచేసే శిక్షణాలయం పెట్టారు. చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో పాటలు తీయడానికి సినిమావాళ్ళు వచ్చేవారు. పందిళ్ళ కింద హీరో హీరోయిన్లు పరిగెత్తడం ఊరందరికీ కనిపించేది. వాళ్ళ వెనకే నిర్మాత డబ్బు ఇంకా వేగంగా పరిగెత్తేది. దాన్ని చూసే కళ్ళు ఇప్పిస్తానని దశరథం గారి హామీ.

"సినిమాలో మనిషి అబద్ధం చెబుతాడు, బిల్లు అబద్ధం చెబుతుంది. ఎంగిలాకు మాత్రం చెప్పదు. భోజనాల బిల్లు వస్తే ముందు ఆకులు లెక్కపెట్టండి" అనేవారాయన పాఠంలో.

తన పాత శిష్యులంటే ఆయనకు మహా గర్వం. "ముహూర్తానికి ఒక్క కొబ్బరికాయ కొట్టి బిల్లులో బుట్టెడు రాసేవారు. మా అబ్బాయొకడు చిప్పలు లెక్కపెట్టి పట్టేశాడు. ఆ తర్వాత ఏ షూటింగులోనూ చిప్ప తక్కువపడలేదు. జనరేటరు డీజిలు దొంగతనం ఇంకో అమ్మాయి మీటరు చూసి పట్టేసింది. ఇప్పుడు చూడండి, మీటరూ బిల్లూ కవల పిల్లల్లా ఉంటాయి!"

ఒక్క శిక్షణాలయం పుణ్యాన చిత్రసీమ అంతా ఇంత నిజాయితీగా మారిపోయిందంటే వినీల ఒళ్ళు పులకరించింది. ఆమె ఈ చదువు కోసం కాటేదాన్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసే పని మానేసింది. తోటలో జరుగుతున్న షూటింగు భోజనాల బిల్లు సరిచూడటమే పరీక్ష. పాసైతే ఇదే సినిమాలో ఉద్యోగం. తప్పితే సోమవారం మళ్ళీ బిస్కెట్లే. తల్లి ప్రేమమ్మ అయితే, దేవుడు కూతురికి ఉద్యోగం ఇప్పించాడని ఆదివారం చర్చిలో చెప్పాల్సిన సాక్ష్యం కూడా తయారుచేసి పెట్టుకుంది. దేవుడికి ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా చేసింది.

ఆకుల లెక్క బిల్లుతో సరిపోయింది. ప్రొడక్షన్ మేనేజరు మల్లేశ్వర్ పెన్ను తీసి ఇచ్చాడు.

"సంతకం పెట్టు చెల్లె. అందరు పెట్టిండ్రు."

వినీల పెన్ను అందుకుంది. అందుకుని ఆగిపోయింది. ఆకులు రెండు కుప్పలుగా ఉంటే, ఊళ్ళోని కుక్కలన్నీ ఒక్క కుప్ప మీదే కొట్లాడుకుంటున్నాయి. రెండో కుప్పను వాసన చూసిన కుక్క కూడా లేదు. ఆమె వెళ్ళి ఆ ఆకులు తిరగేసి చూసింది.

"అన్నా, నేను సంతకం పెట్టను. గీ ఆకుల్ల ఎవరు తినలేదు."

"ఎట్ల తెలుసు?"

"సార్‌కు చెప్త."

మల్లేశ్వర్ ఆమెను ఎగాదిగా చూశాడు. "చెప్పుకో పో. ఒక్క ముక్క ఇడ్వకుంట చెప్పు" అన్నాడు. అది బెదిరింపే అనుకుని వినీల దారి పొడుగునా వెనక్కి చూసుకుంటూ నడిచి వచ్చింది.

దశరథం గారి గదిని రెండుగా చీలుస్తూ చెక్క గోడ ఉంది. దాని ఇవతల ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

"సగం ఆకులకు ఉత్తగ సాంబారు పూసి పడేసిండ్రు సార్."

"భేష్! దొంగను పట్టుకున్నావు. అయితే అమ్మా, అది సగం చదువే. నీలాంటిదాని కంట్లో కూడా పడకుండా ఉండాలంటే ఆ దొంగ ఏం చేసి ఉండాల్సింది? దీనికి జవాబు చెప్పినవాళ్ళే నా దగ్గర పాసు."

వినీల తడబడింది. ఇలాంటి ప్రశ్నకు జవాబు తెలిసి ఉండటం మంచి పిల్లల లక్షణమేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. బిస్కెట్ల వాసన ముక్కుకు తగిలినట్టై అనుమానం వదిలేసింది.

"తిన్నోళ్ళు లేచేటప్పుడు ఆకు మడుస్తరు సార్. ఇవన్ని తెరిచే ఉన్నయ్. మడిచి పడేస్తే నేను గుర్తుపట్టకపోతుంటి."

"ఊఁ. ఇంకా?"

"నమిలిన ములక్కాడ పిప్పి లేదు. కోడి బొక్కలు లేవు. అందుకే కుక్కలు రాలే. నాలుగు బొక్కలు ఏసి, జర మజ్జిగ చల్లితే ఎవ్వరికి దొరకదు సార్."

చెబుతుంటే ఆమెకు హుషారొచ్చింది. ఎవరు ఎలా తింటారో, పిల్లలు ఏం వదిలేస్తారో, ముసలివాళ్ళు ఆకులో చెయ్యి ఎక్కడ కడుగుతారో అంతా చెప్పేసింది. దశరథం గారు మధ్యలో ఒకటి రెండుసార్లు "కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నారు. గురువుగారికి వినికిడి తగ్గిందని ఆమె జాలిపడింది.

"పాసయ్యావు తల్లీ! సోమవారం నుంచి ఈ సినిమాకే నువ్వు అసిస్టెంటువి. నిజాయితీని ఎప్పుడూ వదలకు."

వినీల ఆయన కాళ్ళకు దండం పెట్టినంత పనిచేసింది. కళ్ళనిండా నీళ్ళు. అమ్మ సాక్ష్యం దక్కింది. గది బయట నిలబడి చెప్పులు తొడుక్కుంటుంటే సంతోషంలో కుడి ఎడమలు తారుమారై మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

లోపల చెక్క గోడ తలుపు కిర్రుమంది. వెంటనే గురువుగారి గొంతు వినిపించింది.

"విన్నావుగా మల్లేశ్వర్, రేపటి నుంచి ఆకులు మడిపించి పారేయించు."