సరంగు దాహం

దీవిలో ఓడ సరంగు సింహాద్రి బతికినన్నాళ్ళూ ఉన్న ఇంటిని ప్రదర్శనశాల చేశాక, ఆయన కోడలు నాగరత్నం టికెట్టు కొనుక్కుని మొదటిసారి లోపలికి వెళ్ళింది. గోడలు మాటల్ని దాచుకుని, తాకితే తిరిగి వినిపించడం నేర్చిన కాలమది. గైడు వంటింటి గోడను తాకింది.

"కాసిని మంచినీళ్ళియ్యమ్మా," అంది గోడలోంచి ముసలి గొంతు.

"సముద్రాలన్నీ తిరిగొచ్చినా మీ దాహం తీరలేదా మావా? నీళ్ళ పడవొచ్చేదాకా ఆగండి!" గోడలోంచే కసిరింది కోడలి గొంతు.

జనం నవ్వారు.

"సరంగుగారు ఓడలో అందరూ తాగాకే తాగేవారండి. ఇంట్లోనూ అంతే. ఆయన వంతొచ్చేసరికి బిందె ఖాళీ," అంది గైడు.

రోజూ ఆ బిందె తోమిన నాగరత్నానికి ఆ సంగతి ఇవాళే తెలిసింది.

"మీరేమన్నా అడుగుతారామ్మా?"

నోరు విప్పితే గొంతు గుర్తుపడతారు. ఆమె తల అడ్డంగా ఊపి, చేతిలోని నీళ్ళసీసాను కొంగు కింద దాచుకుంది.