కేరళకు ముందు పాస్తా

మైదాపిండి ముద్దను వేలితో నొక్కితే గుంట పడి మళ్లీ పైకి లేచింది. సుస్మితకు ముచ్చటేసి ఇంకోసారి నొక్కింది.

పెళ్లయి గిద్దలూరు వచ్చాక ఎక్కడికీ వెళ్లింది లేదు. మొన్న కిరణ్ "కేరళకు టికెట్లు దొరికినాయి" అన్నప్పటి నుంచి ఆమె కాళ్లు నేల మీద లేవు. రాత్రి భోజనం దగ్గర పడవ ఇల్లు, కొత్తగా కొన్న టోపీ గురించి చెబుతూనే ఉంది. అతను "చూద్దాంలే" అని నాటుకోడి కూర మళ్లీ వడ్డించుకున్నాడు.

ఆ సంతోషానికే ఈ పాస్తా. గుమ్మడికాయకు మొదటి గాటు రాత్రే కిరణ్ చేత పెట్టించింది. గుమ్మడి, చిలగడదుంప ఉడికించి, వేయించిన ఉల్లి, వెల్లుల్లి కలిపి మెదిపింది. పిండి పల్చగా వత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, కూర పెట్టి, మడిచి, అంచులు ఫోర్కుతో నొక్కింది.

ఇద్దరం కలిసి వత్తుదామన్న మనిషి, ఆమె లేచేసరికే ఇంట్లో లేడు. ఫోన్ స్విచాఫ్.

"కజ్జికాయలు నీళ్లల్లో వేస్తున్నావేంది?" అంది అత్త సావిత్రమ్మ, ముందుగది కడిగి వస్తూ.

"పాస్తా అత్తమ్మా. తేలితే ఉడికినట్టు. ఆయన కోసం."

"వాడు తినడు."

"ఎందుకు తినరు?"

"నీకు చెప్పలేదా? వాడే చెప్తాడులే. నన్ను మధ్యలోకి లాగొద్దు."

వంటింటి కిటికీ బయట, గోడ మీదుగా తొంగిచూస్తూ పక్కింటి శివపార్వతి అందుకుంది. "నిన్న బట్టల దుకాణంలో రెండు జతలు తీసుకున్నాడు పాపా మీ ఆయన. పెళ్లానికేం తీసుకోవా అంటే నవ్వి పోయినాడు."

అత్త, శివపార్వతి ఒకరినొకరు చూసుకున్నారు.

ఊరందరికీ తెలిసిందేదో తనకొక్కదానికే తెలియదు. గిన్నెలో ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. సుస్మితకు కనబడటం లేదు. స్నేహితురాళ్లందరికీ కేరళ అని చెప్పేసింది. తీసుకెళ్లేది తనను కాకపోతే మరెవరిని?

గేటు చప్పుడైంది. అడిగేద్దామని విసురుగా వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

నల్ల పంచె, మెడలో మాల, నుదుట విభూతి, చెప్పుల్లేని కాళ్లతో మెట్టెక్కిన కిరణ్ ఆమె ముఖం చూడకుండా చేతులు జోడించి, "కొంచెం దారి ఇవ్వండి మాతా" అన్నాడు.