తెగిన చొక్కా అంచు

చనిపోయిన తండ్రి తుపాకీ తెచ్చి డెల్బర్ట్ తుపాకుల షాపు కౌంటరు మీద పెట్టాడు రేమండ్. కూతురు చేతికి సరిపోయేలా భుజానికి ఆనించే దాని కట్టె కాస్త కోయమన్నాడు.

వెంట వచ్చిన కూతురు ఐలాకి పద్నాలుగేళ్ళు. జింక వేటకు వెళ్ళడం ఇదే మొదటిసారి.

"ఒరే, ఇది పిల్లకి వద్దు. తేలికది కొను," అన్నాడు ముసలి డెల్బర్ట్.

తన తండ్రి దీంతోనే నేర్చుకున్నాడని రేమండ్ పట్టుబట్టాడు. వాదులాడుకుంటూనే ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు.

అప్పుడు చూసింది ఐలా, పొయ్యి పక్కన నిలబడ్డ కుర్రవాణ్ణి.

ఎర్ర నల్ల గళ్ళ ఉన్ని చొక్కా. వెనక అంచు ఎవరో కత్తిరించేశారు. బయట మంచు కురుస్తున్నా అతని బూట్ల కింద తడి లేదు.

అతను కౌంటరు మీది తుపాకీనే చూస్తున్నాడు. దాని దగ్గరికి మాత్రం రాలేదు.

"అది పేలితే భుజాన్ని గట్టిగా తంతుంది. ఒకసారి తన్నిందా, మళ్ళీ ట్రిగ్గరు నొక్కకముందే కళ్ళు మూతపడతాయి. తేలికది తీసుకో. పేలేదాకా కళ్ళు తెరిచే ఉంచు," అన్నాడతను.

"నీకెలా తెలుసు?"

"చూశాను."

నాన్న తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర ఎవరూ లేరు. తలుపుకున్న గంట మోగనే లేదు.

ఐలా తేలికదే కావాలంది. భయపడ్డావా అంటూ నాన్న ఇంటిదాకా ఏడిపించాడు. కొనడం మాత్రం తేలికదే కొన్నాడు.

వేట మొదలైన ఉదయం అడవంతా పొగమంచు. దేవదారు చెట్ల మధ్య కొమ్ముల జింక వచ్చి నిలబడింది.

ఐలా గురిపెట్టింది. వేలు బిగుస్తోంది. కళ్ళు మూతపడబోతుంటే ఆ మాట గుర్తొచ్చి బలవంతాన తెరిచి ఉంచింది.

జింక వెనక, కొమ్మల్లో, నారింజ రంగు కదిలింది.

ఆమె తుపాకీ దించేసింది.

కాసేపటికి, కూతురికి చలేస్తుందని వేడి కాఫీ పట్టుకుని, వేటగాళ్ళు వేసుకునే నారింజ కోటుతో ఆ కొమ్మల్లోంచే వచ్చాడు నాన్న.

సాయంత్రం వేటగుడిసెలో డెల్బర్ట్ కత్తెర తీశాడు. గురి తప్పినవాళ్ళ చొక్కా అంచు కోసి గోడకు మేకుతో కొట్టడం అక్కడి ఆనవాయితీ.

"నేను కాల్చనే లేదుగా తాతా," అంది ఐలా.

"జింకను సాగనంపావుగా. సగం కోస్తాలే."

నవ్వుతూ గోడ వైపు తిరిగిన ఐలా అలాగే ఆగిపోయింది. అన్నిటికన్నా పాత ముక్క. ఎర్ర నల్ల గళ్ళు.

"ఇదెవరిది?"

"మా పెదనాన్న ఆర్వోది," అన్నాడు రేమండ్. "కుర్రతనంలోనే వేటలో పోయాడు."

డెల్బర్ట్ కత్తెర కింద పెట్టాడు. ఎవరికీ చెప్పనని మీ నాన్నకిచ్చిన మాట ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాన్రా అన్నాడు, రేమండ్ ముఖం చూడకుండా.

"జింక వెనక వాళ్ళన్న ఉన్నాడని వాడికి తెలీదు. నువ్వు షాపుకి తెచ్చిన ఆ తుపాకీతోనే, కళ్ళు మూసుకుని పేల్చాడు."