మట్టలాదివారం గాడిద

గొర్రెల చర్చి దగ్గర ఒక ముసలి గాడిద ఉండేది. ఏటా మట్టలాదివారం నాడు, అంటే యేసుప్రభువు గాడిదనెక్కి ఊరేగిన రోజున, అది ఖాళీ వీపుతో ముందు నడిచేది. గొర్రెలు ఈతమట్టలు ఊపుతూ వెనక నడిచేవి. ఆ వీపు ప్రభువుదని ఎవరూ ఎక్కేవారు కాదు.

ఆ ఏడు అడవిలో ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్న తోడేలు వచ్చి, "మీ సమాధుల తోటకి గోడ కట్టిస్తాను. ఈ ఒక్కసారికి ఊరేగింపులో నన్ను గాడిదమీద ఎక్కించండి" అంది.

"అది ప్రభువు చోటు" అంది గాడిద.

"గోడ లేక కుక్కలు మనవాళ్ల ఎముకలు తవ్వుతున్నాయి తాతా, ఒప్పుకో" అంది పెద్ద గొర్రె.

గాడిద మోకాళ్లు వంచింది.

తోడేలు గెలిచింది. గోడా కట్టించింది. మళ్లీ మట్టలాదివారానికి గాడిద ఖాళీ వీపుతోనే బయల్దేరింది. ఒక గొర్రెపిల్ల ఊపుతున్న మట్ట దించేసి అడిగింది.

"నిరుడు నీమీద కూర్చున్న ప్రభువు ఈసారి రాలేదేం తాతా?"