ఆ చీజ్ గాదు

చీజ్ గీకుతుంటే లక్ష్మీనర్సమ్మ బొటనవేలు గీరుకపోయింది.

“అత్తమ్మా, ఈసారన్న మామయ్య తింటడంటవా?” కోడలు శ్రీలత నవ్వింది.

“తినకపోతే ఈ గిన్నె ఆయన నెత్తిమీద బోర్లిస్త. ఇదే ఆఖరు.”

ఆ మాట ఆమె ప్రతి దావత్‌కు అనేదే. కాని ఇయ్యాల పెండ్లయి నలభై ఏండ్లు. నిజంగనే విసిగిపోయింది.

ఆమె పెనిమిటి రాజమల్లు పెండ్లికి ముందు డోర్నకల్ల రైల్వే పని చేసిండు. అక్కడ డ్రైవర్లకు, గార్డులకు వండిపెట్టే సారంగపాణి చేతి ఆలుగడ్డ తిన్నడు. జ్వరమొస్తే రాత్రంత పక్కన కూసుండి గంజి తాగించినోడు గూడ ఆ సారంగపాణే. బదిలీ అయినంక ఇద్దరు మళ్ల కలువలె.

పెండ్లయిన కొత్తల ఆమె అడిగింది, “ఎట్ల చేస్తుండెనయ్యా?”

“ఆలుగడ్డ చక్రాలు కోసి పాలు, మీగడ పోస్తుండె. ఆఖర్ల పైన ఒక చీజ్ గీకి భట్టిల పెడ్తుండె. అదే అసలు మజా.”

అప్పట్ల వరంగల్ల చీజ్ యాడిది? హైదరాబాద్ పోయేటోళ్లను బతిలాడి తెప్పించుకున్నది.

పిల్లలు ఎగబడి తిన్నరు. చుట్టాలు ఇంకింత పెట్టుమన్నరు. ఆ వంటకు ఇంట్ల ‘సారంగపాణి’ అనే పేరు పడ్డది. మనుమరాలు దీప్తికైతే అది మనిషి పేరని గూడ తెల్వదు.

రాజమల్లు మాత్రం రెండు చెంచాలు తిని పళ్లెం జరుపుతడు.

“బాగనే ఉన్నది గని, అది గాదు.”

దావత్ దావత్‌కు అదే మాట. అది గాదు. అది గాదు. మరి మనిషికి కోపం రాదా?

ఇంట్ల ఓవెన్ లేదు. ఎప్పటిలెక్కనే ట్రే పట్టుకొని భాస్కర్ బేకరీకి పోయింది.

భట్టి కాడ స్టూలు మీద ఎవరో ముసలాయన కూసున్నడు. మాసిన అంగీ, మెడల తువ్వాల. ట్రేలకు తొంగిచూసిండు.

“ఆలుగడ్డనా అమ్మా? ఆ చీజ్ గీకినవా?”

“కండ్లు కనవడ్తలేవా? పైనున్నదేంది మరి?”

“ఇది గాదమ్మా. ఆ చీజ్.”

ఇంట్ల ఆయన ‘అది గాదు’. ఈడ ఈయన ‘ఇది గాదు’. ఆమెకు ఒళ్లంత మండింది.

“ఎన్ని చీజులుంటయయ్యా లోకంల?”

“కోపం జెయ్యకు తల్లీ. ఏమంటరు ఈ వంటను మీ ఇంట్ల?”

“ఏదంటే నీకెందుకు?”

అప్పుడే శ్రీలత ఫోన్ జేసింది. ఆమె అటు తిరిగి మాట్లాడుతుంటే ముసలాయన జేబులకెళ్లి చిన్న రేకు డబ్బ తీసిండు. దాంట్ల వక్కలెక్క గుండ్రంగ ఏందో ఉన్నది. చాకుతోని దాన్ని ట్రే మూల మీద జర గీకిండు.

“అయ్యో! చెయ్యి తియ్యి! ఏం మందు కలుపుతున్నవయ్యా?”

“మందు గాదమ్మా, జర వాసనకు...”

“భాస్కర్! ఎవరీయన?”

బేకరీ భాస్కర్ ఉరికొచ్చిండు. “పొద్దుగాల పనియ్యమని వచ్చిండమ్మా. భట్టి పని ఎరుకే అంటే, చూద్దామని కూసోబెట్టిన.”

“ఇసొంటోన్ని పెట్టుకుంటే నీ గడప ఎవరు తొక్కుతరు?”

భాస్కర్ ముసలాయన దిక్కు తిరిగిండు. “పెద్దాయనా, నీకు దండం. పనొద్దు, ఏమొద్దు. నడువు.”

ముసలాయన తువ్వాల దులుపుకొని లేచిండు.

భట్టిల కాలినంక ట్రే ఇంటికి తెచ్చి, ఆమె ఆ మూల ముక్కను కోసి, పారేద్దామని సింకు పక్కన పెట్టింది.

పన్నెండు మంది బంతిల కూసున్నరు. ఆడబిడ్డ మొగిలమ్మ ఊకుంటదా?

“వదినే, మా అన్న ఈసారన్న నిన్ను పాస్ చేస్తడా?”

రాజమల్లు ఒక చెంచా తిన్నడు. రెండో చెంచా తిన్నడు. పళ్లెం జరిపిండు.

“బాగనే ఉన్నది గని...”

“అనకు! ఆ మాట ఇంకొక్కసారి అనకు!”

రాజమల్లు చెయ్యి కడుక్కునే సాకుతోని వంటింట్లకు జారుకున్నడు. ఎంతసేపటికి నల్లా చప్పుడు లేదు. ఆమె పోయి చూసింది.

పారేసే ముక్క సగం ఆయన చేతిల ఉన్నది. ఆయన కండ్లల్ల నీళ్లున్నయి.

“నర్సమ్మా, ఇదే. గిదే ఆ రుచి. ఎవలు చేసిండ్రు?”

“ఎవలు చేస్తరు, నేనే! బేకరీల ఒకాయన దాని మీద వక్కలెక్కటిది ఏదో గీకిండు.”

“అదే! ఆ చీజే!”

“చీజ్ నేనేసిన గదనయ్యా!”

“ఈ చీజ్ గాదే. ఉర్దూల చీజంటే వస్తువు. దాని పేరు తెల్వక ‘ఒక చీజ్’ అన్న. నువ్వు చీజ్ ఏసిన అంటే, ఆ వస్తువు నీకు దొరికిందనుకున్న.”

“నలభై ఏండ్లు! నలభై ఏండ్లు నా వేళ్లు గీకిచ్చినవు గదయ్యా!”

ఇంకా తిట్టబోయి ఆగింది. తువ్వాల దులుపుకొని లేచిన ముసలాయన యాదికొచ్చిండు.

ఇద్దరు ఆటో ఎక్కి బేకరీకి ఉరికిండ్రు.

“అప్పుడే పోయిండమ్మా,” అన్నడు భాస్కర్. “బస్టాండ్ దిక్కు పోయిండో, స్టేషన్ దిక్కు పోయిండో చూడలె. ఫోన్ గూడ లేదట.”

“ఏమన్నడు?”

భాస్కర్ సొరుగుల నుంచి రేకు డబ్బ తీసిండు.

“పోయెటప్పుడు ఇది మీకియ్యమన్నడు. మీ కోపం చూసి నేనే అప్పుడు ఇయ్యలె. ‘ఆ అమ్మ చెయ్యి మంచిది, జాజికాయ ఒక్కటే తక్కువైంది’ అన్నడు.”

రాజమల్లు మూత తీసి వాసన చూసిండు. డబ్బను రెండు చేతుల్ల పట్టుకొని అట్లనే నిలవడ్డడు.

“పేరన్న అడిగినవా బిడ్డా?” లక్ష్మీనర్సమ్మ మెల్లగ అడిగింది.

“పనికని వచ్చినోన్ని అడగనా అమ్మా? సారంగపాణి అట.”