పెన్‌డ్రైవ్ తెరిచే ముందు

"ఏం ప్రింట్ తీయాలండీ?"

"ఏమీ లేదమ్మా. మీ కంప్యూటర్లో యాంటీవైరస్ ఉందా?"

ఐదేళ్ళుగా ఆ జిరాక్సు షాపు నడుపుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ లేని చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం.

ఏదో అమ్మడానికి వచ్చాడనుకుంది.

"మాకు అక్కర్లేదండీ. ఇది విండోస్ కాదు, లైనక్స్. దీనికి వైరస్ రాదని మా తమ్ముడు చెప్పాడు."

"దీనికి రాకపోవచ్చు. కానీ ఒకళ్ళ పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది ఇంకొకళ్ళ దాంట్లోకి పోతుంది కదమ్మా. మోసేవాడికి ఏమీ కాకపోయినా, అంటుకునేవాడికి అంటుకుంటుంది."

వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

"తర్వాత చూద్దాం లెండి," అని పంపేసింది.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

మూడో రోజు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉంది. ఈయన వదిలేలా లేడని స్టూలు చూపించింది.

ఆయన కీబోర్డు ముట్టుకోలేదు.

"నువ్వే కొట్టమ్మా. నేను కొడితే నీకెలా వస్తుంది?"

ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిపించి, కాగితంలో చూస్తూ ఒక్కో మాటా చెప్పాడు. సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, చివర యాంటీవైరస్ పేరు, క్లామ్‌ఏవీ.

కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. అమ్మాయి కొట్టింది. తెర మీద చుక్క కూడా పడలేదు.

"కీబోర్డు పోయినట్టుందండీ."

"పోలేదు. పడుతూనే ఉంటుంది, కనపడదంతే. నేనూ మొదట్లో ఇలాగే కంగారుపడ్డాను."

యాంటీవైరస్ ఎక్కింది. వైరస్‌ల కొత్త జాబితా దింపుకోవడానికి ఇంకో మాట కొట్టించాడు. కుదరదని చెప్పింది కంప్యూటర్. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. ఈయనకీ అంతంతమాత్రమే వచ్చినట్టుంది అనుకుని అమ్మాయి నవ్వాపుకుంది.

"ఆఁ, ఇదిగో. ఆ పని వెనకాల అదే చేసుకుంటోందట. మనమూ చెయ్యి పెడితే ఒప్పుకోదు. కాసేపాగుదాం."

ఆగారు. ఆఖరికి స్కాన్ మొదలైంది. గంటంపావు నడిచింది.

వైరస్ ఉన్న ఫైళ్ళు నలభై మూడు.

అమ్మాయి ఆ అంకె మళ్ళీ చదివింది. పోయినేడు పాత సిస్టం మొరాయిస్తే తమ్ముడు లైనక్స్ వేసి, పాత ఫైళ్ళన్నీ తిరిగి ఎక్కించాడు. వాటి వెంట ఇవీ వచ్చాయన్నమాట.

"అన్నీ తీసేయనా?"

"చూడకుండా ఏదీ తీసేయకమ్మా. వేరే ఫోల్డర్లో పక్కన పెట్టు. ఏది ఎవరికి ప్రాణమో మనకేం తెలుసు."

ఆ మాట అన్నాక ఆయన చాలాసేపు తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత రోజూ వచ్చేవాడు. ఎవరు పెన్‌డ్రైవ్ ఇచ్చినా, "ముందు స్కాన్ చెయ్యమ్మా," అనేవాడు.

"ఈయనెవరండీ, మీ షాపుకి కాపలానా?" అన్నాడొక కస్టమర్.

మరొకాయన, "ఇంతసేపైతే ఎదురు షాపుకే పోతాం," అని పెన్‌డ్రైవ్ లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మాయి అనేసింది.

"చూడండి బాబాయిగారూ, నేర్పారు, సంతోషం. కానీ రోజూ వచ్చి నెత్తిన కూర్చుంటే వచ్చేవాళ్ళు పోతున్నారు. ఇక రాకండి."

ఆయన లేచాడు. స్టూలు గోడవారకు జరిపాడు.

"రానమ్మా. స్కాన్ మాత్రం మానకు."

మళ్ళీ రాలేదు.

అమ్మాయి నాలుగు రోజులు స్కాన్ మానేసింది. ఐదో రోజు మనసొప్పక మళ్ళీ మొదలుపెట్టింది.

ఒకసారి పరిశోధన చేసే అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో రెండు వైరస్‌లు దొరికితే తీసి పక్కన పెట్టింది. "మూడేళ్ళ పని ఇందులోనే ఉందక్కా," అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ రోజు ఆయనకి చెప్పాలనిపించింది. ఎక్కడని వెతకడం? పేరు తెలీదు, ఇల్లు తెలీదు. అన్నాళ్ళూ అడిగిన పాపాన పోలేదు.

రెండు నెలల తర్వాత ఒక పెద్దావిడ వచ్చి, నలిగిన గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఫొటో పెద్దది చేసివ్వాలమ్మా. గోడకి పెట్టుకోవడానికి."

కార్డు మీద ఆయన.

"పిన్నిగారూ, ఈయన..."

"మావారు. పోయి పన్నెండు రోజులైంది. గుండె ఆగిపోయింది."

అమ్మాయి కార్డు చేతిలోకి తీసుకుంది.

"నాకు ఈయనే నేర్పారండీ. కంప్యూటర్ ఇంజినీరా?"

"ఆయనా? బస్సులు బాగుచేసే మెకానిక్కమ్మా. అరవై రెండేళ్ళు కంప్యూటర్ దరిదాపులకి పోలేదు. మా అమ్మాయి పోయాకే, కంప్యూటర్ క్లాసులో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నారు."

"ఎందుకండీ?"

"దాని ఫొటోలు, నవ్వులు, మాటలు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేవి. రెండేళ్ళ కిందట ఒక ఫొటో పెద్దది చేయిద్దామని ఏదో షాపులో ఇచ్చారు. అక్కడ వైరస్ అంటుకుందట. పక్కింటివాళ్ళ కంప్యూటర్లో పెట్టి చూస్తే ఒక్కటీ మిగల్లేదు."

అమ్మాయి గోడవార ఉన్న స్టూలు వంక చూసింది. మెల్లగా అడిగింది.

"ఏ షాపండీ?"

"ఎంత అడిగినా చెప్పలేదమ్మా," అంది ఆవిడ. "'మన అమ్మాయి ఈడు పిల్లే నడుపుతోంది, పాపం, తెలిస్తే ఇక ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు' అనేవారు."