పసుపు కింద గుర్తు

ఐసుగది తలుపు మళ్లీ మూసుకుంది.

ఈసారి లోపల ఇద్దరు.

పొద్దుటి నుంచీ అక్కడే ఉన్న లోకనాథ్‌కి చలికి మాట తడబడుతోంది. చినబాబు నావని సముద్రంలో గుద్దింది అతనేనని రేవంతా నమ్మింది. వల వేసే చోటు కోసం ముందురోజే ఇద్దరూ కలబడ్డారు మరి. ఆ నావలో ఉన్న చినబాబు తమ్ముడు శవమై తేలాడు.

సాయంత్రం తుని నుంచి బోట్ల యజమాని మార్కండేయులు వచ్చి తీర్పు చెబుతాడు. ఆయన ఊ అంటే లోకనాథ్ నావ తగలబెడతారు. అతని ఇంట్లోవాళ్లెవరూ ఇక వేటకు వెళ్లకూడదు.

“నిన్నెందుకు తోశారమ్మా?” అని కొత్తగా వచ్చిపడ్డ అమ్మాయిని అడిగాడు.

“విరిగిన నావని ఫొటోలు తీశానండి. మీ గూఢచారినని చినబాబు గారి అనుమానం.”

సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. పేరు శృతి అనీ, రాజమండ్రిలో ఇలాంటి ఫొటోల పనే చేస్తాననీ చెప్పింది.

“పసుపు తప్ప ఏం కనబడుద్దమ్మా అందులో?”

నావని ఒడ్డుకు లాగగానే ఆడవాళ్లు దెబ్బ తగిలిన మనిషికి పూసినట్టే దానికీ పసుపు పూశారు. దెబ్బ కాస్తా కప్పబడిపోయింది.

ఫొటో అంటే చుక్కలేననీ, వెలుగున్న చుక్కని పైకి లేపి, చీకటి చుక్కని కిందికి దించితే బొమ్మ మిట్టపల్లాల నేలలా లేస్తుందనీ ఆమె వివరించింది. గుంటలో పసుపు దట్టంగా దిగి నల్లబడి ఉంటుంది.

తెర మీద చెక్క పక్కకి ఒరిగింది. మిట్టలు లేచాయి. వాటి మధ్య మూడు లోయలు ఒకచోట కలిశాయి.

“శూలం,” అన్నాడు లోకనాథ్. “నా నావకి ఇనుప ముక్కే లేదమ్మా.”

అలాంటి శూలం ఎవరి బోటు ముందు బిగించి ఉంటుందో అతనికి తెలుసు. తలుపు వైపు చూశాడు.

గడియ తీసిన చప్పుడైంది. గుమ్మంలో చినబాబు. అతని వెనక జనం, జనం ముందు మార్కండేయులు.

శృతి తెరని చినబాబు వైపు తిప్పింది.

“ఇది...” అంటూ అతను మార్కండేయుల వైపు తిరిగాడు.

ఆ రేవుకి ఐసు ఇచ్చేది మార్కండేయులే. డీజిలూ ఆయనదే. చూసినవాళ్లంతా ఇసకలోకి తలలు దించుకున్నారు. మార్కండేయులు మాత్రం తెరని చూడలేదు, ఆ అమ్మాయినే చూస్తున్నాడు.

“శూలాన్ని మొన్న పొద్దున్నే విప్పించారు,” అంది శృతి. “అంతకు ముందు రాత్రి నావని గుద్దిన బోటు నడిపిందీ ఆయనే. చినబాబు గారూ, మీ తమ్ముణ్ణి చంపింది ఈ మార్కండేయులు. మా నాన్న.”